తిరిగి తాగిన విశ్వాసికి ప్రభువు బల్ల ఇవ్వవచ్చునా?

కృష్ణాతీరం:
అందరికీ వందనాలు. నేను ఒక పల్లె సంఘానికి కార్యదర్శిని. మా సభ్యుడొకరు, ఇళ్లకు రంగులు వేసి బతికే మనిషి, పదిహేనేళ్ల తాగుడు తరువాత మొన్నటి మూడు రోజుల ఉపవాస ప్రార్థనలలో ఇక ముట్టనని మోకాళ్ల మీద ఒప్పుకున్నాడు. రెండవ ఆదివారమే అతనిని ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించాము. నెల తిరగకుండానే మళ్లీ తాగాడు. ఇప్పుడు గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చుని, ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం, సిద్ధపరిచే సమయానికి లేచి వెళ్లిపోతున్నాడు. ఆరు నెలలు బల్లకు దూరంగా ఉంచాలని కొందరు పెద్దలు, డీఅడిక్షన్ కేంద్రానికి పంపాలని మరికొందరు అంటున్నారు. మాత్రలు మింగితే దేవుడిచ్చిన విడుదలను నమ్మనట్టేనని ఇంకొక మాట కూడా ఉంది. మీ అభిప్రాయం తెలుపగలరు.

నెల్లూరు మాస్టారు:
అయ్యా, త్రాగుబోతైన సహోదరునితో భుజింపను కూడదని మొదటి కొరింథీయులకు 5:11లో పౌలు స్పష్టంగా వ్రాశాడు. ఈ రోజుల్లో తాగుడును జబ్బు అనడం మర్యాద అయింది. జబ్బు అనగానే తాగేవాడికి ఊపిరి ఆడుతుంది, భార్యకు మాత్రం ఆడదు. మా జిల్లాలోని దూబగుంటలో 1992లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లు ఇది పాపమా, వ్యాధియా అని తర్కించలేదు. కూలి డబ్బు ఇంటికి రావడం లేదన్నదే వారి బాధ. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వచ్చింది. నిషేధం రెండేళ్లకే సడలిపోయిన సంగతి వేరు. ఊరి ఆడవాళ్లు గీసిన పాటి గీత సంఘం గీయలేకపోతే ఎలా? ఆరు నెలలు ఎక్కువేమీ కాదు.

వార్డు నర్సు:
మాస్టారు గారూ, బల్ల సంగతికి నేను తరువాత వస్తాను. కార్యదర్శి గారు మూడు రోజుల ఉపవాసం అన్నచోటే నా గుండె ఆగినంత పనైంది. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండవ రోజు నుండి నాలుగవ రోజు లోపల మతి చలించి, జ్వరం, చెమటలు, వణుకు పట్టుకుని ప్రాణం మీదికి రావచ్చు. స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు ఛాతీ మీద ఒలికిపోయేవారిని, దుప్పటి మీద లేని చీమలను ఏరుతూ కూర్చునేవారిని మా వార్డులో ఎందరినో చూశాను. అటువంటివారిని ప్రార్థన కూటాలలో దయ్యం పట్టిందనుకుంటారు. పైగా తాగేవారి ఒంట్లో బి1 విటమిను ముందే తక్కువగా ఉంటుంది, ఉపవాసం దానిని ఇంకా తగ్గిస్తుంది. మీవాడు ఆ మూడు రోజులు దాటడమే గొప్ప కృప. రోగియైన హిజ్కియా రాజు ప్రార్థన విన్న దేవుడే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు గదా, మాత్ర దగ్గరికి వచ్చేసరికి విశ్వాసం ఎందుకు అడ్డుపడాలి?

నెల్లూరు మాస్టారు:
అమ్మా, వైద్యానికి నేను అడ్డు చెప్పలేదు, చెప్పను. ఆసుపత్రికి పంపండి. కాని అయోగ్యంగా పాత్రలోనిది త్రాగవద్దని వ్రాసిన మాట ఆసుపత్రి చీటీతో రద్దు కాదు.

తొమ్మిదో ఏడు:
నేను తాగి మానినవాడిని. ఇది తొమ్మిదో ఏడు. సొలొమోను సామెతలు 23వ అధ్యాయం చివర తాగుబోతు మాట వ్రాశాడు: కొట్టినా నొప్పి తెలియలేదు, లేవగానే మళ్లీ దానినే వెదకుతాను అంటాడు. ఆ ‘మళ్లీ’లో పాపమూ ఉంది, రోగమూ ఉంది, లోపల ఉన్నవాడికి రెండూ విడిగా కనబడవు. నన్ను పడగొట్టినది మాత్రం సీసా కంటే సాక్ష్యమే. పదకొండవ రోజున నాకు మైకు ఇచ్చారు. చప్పట్లు కొట్టినవారి ముందు మళ్లీ పడ్డానని చెప్పడానికి నోరు రాక, నాలుగు నెలలు ఏలకులు నములుతూ ఆరాధనకు వెళ్లాను. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలిసి ప్రారంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే బృందం, ఒక క్రైస్తవ సహవాసపు ఒడిలో నుండే పుట్టింది. అయినా అక్కడ ఎవరి ఇంటిపేరూ అడగరు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉండటమే లెక్క. నేను పడిన సంగతి మొదట చెప్పుకున్నది అక్కడే. మాస్టారు గారూ, కొరింథు సంఘానికి రెండవ పత్రిక కూడా ఉంది. శిక్షపడినవాడు అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించమని దాని రెండవ అధ్యాయంలో పౌలు బతిమాలుకున్నాడు.

నెల్లూరు మాస్టారు:
ఆ వచనం నాకు తెలుసు నాయనా. ఆ క్షమాపణ క్రమశిక్షణ తరువాత వచ్చింది, దానికి బదులుగా కాదు. అయితే పదకొండవ రోజున మైకు ఇవ్వడం తప్పే, ఒప్పుకుంటాను. మా సంఘంలోనూ అదే చేశాము.

వార్డు నర్సు:
ఇప్పుడు బల్ల సంగతి. అతనిని చికిత్సకు పంపితే డాక్టరు తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర ఇవ్వవచ్చు. అది వాడుతున్నవారి ఒంట్లో కొంచెం మద్యం పడినా ముఖం కందిపోయి, గుండె దడ, వాంతులు మొదలవుతాయి. దగ్గు మందులోని మద్యం కూడా చాలు, మాత్ర మానిన తరువాత రెండు వారాల వరకూ జాగ్రత్త తప్పదు. ఆ మాత్రను భర్తకు తెలియకుండా కూరలో కలిపిపెట్టే భార్యలున్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు, ప్రాణాలు పోతాయి. అందుకని అడుగుతున్నాను, మీ పాత్రలో పులిసిన రసమా, పులియనిదా?

ఓరుగల్లు కథోలికుడు:
మా బలిపూజలో, అంటే మీరు ప్రభువు బల్ల తీసుకునే ఆరాధన వంటిదానిలో, పులిసిన ద్రాక్షారసమే వాడాలి, వేరే రసం కుదరదు. అయినా తాగుడు సమస్య ఉన్న గురువులకు (ఫాదర్లకు), బిషప్పు అనుమతితో, ఇంకా పులియని తాజా ద్రాక్షరసాన్ని మా సంఘం ఒప్పుకుంటుంది. విశ్వాసులు అప్పం ఒక్కటే స్వీకరించినా అది సంపూర్ణమే.

తొమ్మిదో ఏడు:
ప్రొటెస్టంటులకైతే ఈ చింత పాతదే. 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసం పులియకుండా కాచి నిలువచేయడం మొదలుపెట్టినది ప్రభువు బల్ల కోసమే.

కృష్ణాతీరం:
నర్సమ్మ గారి ప్రశ్న పట్టుకుని మా సంఘంలో రసం తయారుచేసే పెద్దమ్మను అడిగాను. ఎండుద్రాక్షను చక్కెరతో గురువారమే జాడీలో నానబెట్టి మూత బిగిస్తుందట. ఆదివారానికి ‘కొంచెం నురగ వస్తేనే రుచి’ అంటుంది. మేమంతా ఇన్నేళ్లుగా దానిని పులియని రసమనుకుంటున్నాము! ఇక మీదట శనివారం రాత్రి నానబెట్టి, తెల్లవారి మరగించి వడకట్టమని చెప్పాను; రుచి పోతుందని ఆమె అలిగింది. ఆరు నెలల మాట ఇంకా తేలలేదు, రేపటి కమిటీలో మాస్టారు గారి వాదన కూడా యథాతథంగా చదివి వినిపిస్తాను. అతనిని సోమవారం డాక్టరు దగ్గరికి నేనే తీసుకువెళ్తున్నాను. సాక్ష్యం అడగబోమని చెప్పినప్పుడు మొదటిసారి తలెత్తి చూశాడు.