అప్‌డేట్: బెర్నౌలీ, ఆయిలర్ బహుపదులు ఒకే సూత్రంలోకి వచ్చాయి

విజయనగరంలో ఎమ్మెస్సీ లెక్కలు చదువుతున్నాను. బెర్నౌలీ, ఆయిలర్ బహుపదుల్ని ఒకే కుటుంబంగా చూడొచ్చా, చూస్తే లాభమేంటి అని ఇంతకుముందు అడిగాను. జనక ప్రమేయం (టి ఘాతాల శ్రేణిగా విస్తరిస్తే గుణకాల్లో బహుపదులన్నీ వరసగా వచ్చే ప్రమేయం) నుంచి మొదలుపెట్టమని మాష్టారొకరు చెప్పారు. దారి దొరికింది.

బెర్నౌలీ జనక ప్రమేయం లవంలో 'టి ఇంటూ ఈ ఘాతం ఎక్స్‌టి', హారంలో '(ఈ ఘాతం టి) మైనస్ 1' ఉంటాయి కదా. హారంలోని 'ఈ ఘాతం టి'ని లాంబ్డా అనే ఒక సంఖ్యతో గుణించాలి. 1951లో గణితవేత్త అపోస్టల్ తెచ్చిన రూపం ఇదే. లాంబ్డా 1 అయితే పాత బెర్నౌలీ బహుపదులే. −1 అయితే ఎన్‌వ బహుపది, దాని ముందున్న ఆయిలర్ బహుపదికి −ఎన్/2 రెట్లు! కాగితం మీద ఇది తేలినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఒకటి గమనించాలి. లాంబ్డా 1 కాకపోతే, టి సున్నా దగ్గర లవం మాత్రమే సున్నా అవుతుంది, హారం కాదు. అందుకే సున్నావ బహుపది సున్నా అయిపోతుంది, మిగతావాటి పరిమాణం (ఎక్స్ గరిష్ఠ ఘాతం) ఒకటి తగ్గుతుంది.

అయినా 1880లో గణితవేత్త ఆపెల్ చెప్పిన లక్షణం చెడదు: ఎన్‌వ బహుపదిని ఎక్స్‌తో అవకలనం చేస్తే దాని ముందున్న బహుపదికి ఎన్ రెట్లు వస్తుంది. ఎక్స్ ఉన్నది 'ఈ ఘాతం ఎక్స్‌టి'లో మాత్రమే కాబట్టి. నాకు అసలు లాభం ఇదే అనిపిస్తోంది. ఒక్కసారి రుజువు చేస్తే కుటుంబమంతటికీ సరిపోతుంది.

ఇప్పుడు హెర్మైట్ బహుపదుల తరహాలో ఆ 'ఎక్స్‌టి' ఘాతానికి 'వై ఇంటూ టి వర్గం' కలిపాను (వై ఇంకో చలరాశి). వైతో ఒకసారి, ఎక్స్‌తో రెండుసార్లు అవకలనం చేసినా ఫలితం ఒకటే, అంటే ఉష్ణ సమీకరణం (వేడి ఎలా వ్యాపిస్తుందో చెప్పేది). ప్రాజెక్టు దీని మీదే చేస్తున్నాను.