టిక్స్ ఉన్న పిల్లలకు ఐక్యూ టెస్ట్: స్టాప్‌వాచ్ పెట్టి కొలవడం న్యాయమేనా?

గుంటూరు అమ్మ: మావాడికి పదేళ్లు. కళ్లు టపటపా ఆర్పడం, మెడ విదిలించడం, గొంతు సవరించడం రెండేళ్లుగా ఉన్నాయి. ఇలా అనుకోకుండా మళ్లీ మళ్లీ వచ్చే కదలికల్ని, శబ్దాల్ని టిక్స్ అంటారట; డాక్టరు వీటికి కారణమైన సమస్య పేరు టూరెట్ అన్నారు. బడివాళ్లు అడిగితే ఐక్యూ టెస్ట్ చేయించాం. నోటితో చెప్పేవాటిలో వయసుకు మించి చెప్పాడు. గుర్తులు చూసి గబగబా గీసేదాంట్లో బాగా తగ్గింది. రిపోర్టులో "ప్రాసెసింగ్ స్పీడ్ తక్కువ" అని, అంటే చూసి చేసే వేగం తక్కువని, ఒకే ముక్క. వాడేమో బయటికి రాగానే, "అమ్మా, మెడ తిప్పకుండా ఆపుకున్నా తెలుసా" అన్నాడు. ఆటో ఎక్కాక ఇల్లు చేరేదాకా మెడ ఆగలేదు. అసలు ఈ టెస్ట్ అవసరమా?

రామం: అవసరం లేదమ్మా. ఒంటి టిక్స్ కనీసం రెండు, గొంతు టిక్ ఒకటి, ఏడాదికి పైగా ఉండి, 18 ఏళ్లలోపు మొదలైతే టూరెట్. దానికి ఐక్యూతో పనేంటి? పైగా 10–12 ఏళ్లప్పుడే టిక్స్ ముదురుతాయి, తర్వాత చాలామందికి తగ్గుతాయి. సరిగ్గా ముదిరినప్పుడు కొలిచి ఫైల్లో పెడితే ఆ మార్కు పదో తరగతి దాకా వెంటాడుతుంది.

పిల్లల సైకాలజిస్ట్: రామంగారూ, టెస్ట్ టిక్స్ కోసం కాదండీ, వాటికి తోడొచ్చే ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, కుదురు నిలవకపోవడం), ఓసీడీ (అదే పని మళ్లీ మళ్లీ చేయాలనిపించడం) కోసం. టూరెట్ ఒక్కటే ఉంటే తెలివి మామూలుగానే ఉంటుంది. శ్రద్ధ, ప్లానింగ్ బాగా దెబ్బతింటే చాలాసార్లు వెనక ఏడీహెచ్‌డీ ఉంటుంది. ఒకడు టిక్ ఆపుకుంటూ ఆలస్యం చేస్తాడు. ఇంకొకడు గీత వంకర పోయిందని మళ్లీ దిద్దుతాడు. మరొకడు కిటికీలోంచి చూస్తాడు. ముగ్గురికీ వచ్చే మార్కు ఒకటే. అందుకే పక్కన కూర్చుని చూసింది రాయాలి. "ఆపుకోకు నాన్నా, వస్తే రానీ" అని ముందే చెప్పాలి కూడా. ఈ రిపోర్టులో అవేవీ లేకపోవడం తప్పే.

రామం: కొత్తవాళ్ల ముందు ఏ పిల్లాడు ఆపుకోడు మేడం? పోనీ టైం తీసేస్తే, మిగతా పిల్లలతో పోల్చడానికి లెక్క ఉండదు కదా.

పిల్లల సైకాలజిస్ట్: నిజమే. అందుకే దిమ్మలు పేర్చేలాంటి వాటిలో టైంకి వచ్చిన మార్కు అలాగే ఉంచి, తర్వాత పూర్తి చేయనిచ్చి అది విడిగా రాస్తాం. ఇంకో సంగతి: సీబీఎస్‌ఈ పరీక్షల్లో వైకల్యం ఉన్నవారికి గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. 2016 వికలాంగుల చట్టం జాబితాలో టూరెట్ పేరు విడిగా లేదు. రేపు ఆ టైం అడగాలంటే చేతిలో వివరంగా రాసిన రిపోర్టు ఉండాలి.

గుంటూరు అమ్మ: సోమవారం వెళ్లి, గీసేటప్పుడు ఏం చూశారో రాసివ్వమని అడుగుతాను. పెన్సిల్ ఏడుసార్లు వదిలేశాడట, వాడికే గుర్తుంది.