డెలివరీ బండి కస్టమర్ కుక్కకో పిల్లికో తగిలితే అక్కడికక్కడ ఏం చేయాలి?

హబ్‌శిక్షణ:

కొత్తగా చేరే డ్రైవర్ల కోసం ఒక పేజీ సూచనలు రాస్తున్నాను. వ్యాన్లూ ఉన్నాయి, బైకులూ ఉన్నాయి. గేటు దగ్గరో ఇంటి ముందో బండి తిప్పేటప్పుడు కస్టమర్ పెంపుడు జంతువుకు తగిలితే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తేల్చుకోవాలి. హ్యాండ్‌బుక్‌లో "సూపర్‌వైజర్‌కు తెలియజేయండి" అన్న ఒక్క వాక్యం ఉంది, అది ఏ మూలకూ చాలదు. గాయపడ్డ జంతువును ముట్టుకోవచ్చా? ఇంట్లో ఎవరూ లేకపోతే ఎలా? యజమానితో ఏమని చెప్పాలి? వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడిగితే ఏమనాలి? ఈ పని తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

వ్యాన్‌రూట్:

బండి ఆపాలి, ఆపాక అంగుళం కూడా కదపకూడదు. తగిలిన చప్పుడు వినగానే చాలామంది చేతులు వాటంతటవే గేరు మీదకు వెళ్తాయి, కాస్త వెనక్కి తీసి చూద్దామని. చక్రం కింద కాలు ఇరుక్కుని ఉంటే ఆ కాస్తతోనే బతకాల్సిన ప్రాణం పోతుంది. అందుకే తగిలిందో లేదో అనుమానంగా ఉన్నా సరే: హ్యాండ్ బ్రేక్, ఇంజన్ ఆఫ్, హజార్డ్ లైట్లు, తాళం జేబులో. దిగి, వంగి, ఫోన్ టార్చి వేసి ప్రతి చక్రం దగ్గరా, బండి అడుగునా చూడాలి. బెదిరిన పిల్లి చక్రం పై సందులోకి, ఒక్కోసారి ఇంజన్ పక్కకు ఎక్కి నక్కుతుంది. నేల మీద కనబడలేదని లేదనుకోవద్దు, బానెట్ కూడా ఎత్తి చూడండి. చక్రం కిందే ఇరుక్కుంటే మిగతా చక్రాలకు రాయో చెక్కో అడ్డం పెట్టి జాకీతో లేపడం మంచిది. బండి నడిపి తప్పిద్దామనుకోవద్దు.

రోడ్డు మీద జరిగితే వెనక వచ్చే బండ్లను ఆపడం ముందు. వంగి కూర్చున్న డ్రైవర్ మరో డ్రైవర్‌కు కనబడడు.

ఆ వెంటనే ఇంటి బెల్లు కొట్టాలి. పార్శిల్ చేతిలో పెట్టుకుని వెళ్ళొద్దు, స్కాన్ చేయొద్దు. కుక్క పడి ఉండగా "డెలివర్డ్" అని నొక్కిన సమయం యాప్‌లో నిలిచిపోతుంది, అది చూసిన యజమానికి మీరు తర్వాత ఎంత చెప్పినా ఎక్కదు. తలుపు తీసింది పిల్లలైతే పెద్దవాళ్ళను పిలవమనండి, పిల్లల్ని బయటికి రానివ్వకండి.

చెప్పాల్సిన మాటలు తక్కువే. "మీ కుక్కకు నా బండి తగిలిందండి. ఊపిరి ఉంది, గేటు దగ్గర పడుకుని ఉంది. ఒక దుప్పటి తెండి, మీ వెటర్నరీ డాక్టరుకు ఫోన్ చేయండి." జరిగింది, ఇప్పుడెలా ఉంది, వాళ్ళు చేయాల్సింది. ఈ మూడూ మొదటి వాక్యాల్లోనే రావాలి. "అదే అడ్డం వచ్చింది", "మీరు కట్టేసుకోవాల్సింది" అన్న మాటలు నిజమే అయినా అప్పుడు అనకూడదు. వాళ్ళు తిడితే తిట్టనివ్వండి, వాదన పెరిగితే డాక్టరు దగ్గరికి చేరడం ఆలస్యమవుతుంది. మీద పడి కొట్టేలా ఉంటే మాత్రం బండిలో కూర్చుని తలుపులు వేసుకుని హబ్‌కు, పోలీసులకు ఫోన్ చేయండి.

ఇంట్లో ఎవరూ లేకపోతే యాప్ నుంచి కస్టమర్‌కు కాల్, ఎత్తకపోతే మెసేజ్, తర్వాత పక్కింటివాళ్ళు. ఆ జంతువు ఎవరిదో పక్కింటివాళ్ళకు తెలిసే అవకాశం ఎక్కువ. మెడ పట్టీ మీద నంబరు ఉందేమో చూడండి. యజమాని దొరికేదాకా వైద్యం ఆగకూడదు: దగ్గర్లోని పశువైద్యశాలకో జంతు సంరక్షణ సంస్థకో ఫోన్ చేసి వాళ్ళు చెప్పినట్టు చేయండి. ప్రాణం ఉన్న జంతువును అలాగే ఉంచి తలుపుకు చీటీ పెట్టి వెళ్ళడమంటే దాన్ని గాలికి వదిలేయడమే.

పశువైద్యసహాయం:

ముట్టుకోవడం గురించి చెప్తాను, డ్రైవర్లకు దెబ్బ తగిలేది అక్కడే. ఎంత సాధు కుక్కైనా నొప్పిలో కరుస్తుంది, సొంత యజమానినే కరుస్తుంది. ఎదురుగా వెళ్ళి మొహం మీదకు వంగకండి. పక్క నుంచి, నెమ్మదిగా మాట్లాడుతూ, చేయి కిందుగా పెట్టి వెళ్ళాలి. గుర్రుమంటే దూరంగా ఉండి యజమాని కోసం ఆగండి.

ఎత్తాల్సి వస్తే మూతికట్టు వేయాలి. 1 మీటరుకు పైగా పొడవున్న గుడ్డ పీలికో బ్యాండేజీయో తీసుకుని, మూతి చుట్టూ ఒక చుట్టు వేసి, కింద దవడ దగ్గర అడ్డంగా తిప్పి, రెండు కొసలూ చెవుల వెనక లాగితే ఊడే జారుముడి వేయండి. ఊపిరి కోసం అవస్థ పడుతున్నా, వాంతి చేసుకుంటున్నా, స్పృహ లేకున్నా, మొహానికే దెబ్బ తగిలినా మూతికట్టు వేయకూడదు. పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి మూతి జాతులకు అసలే వద్దు, ఊపిరాడక పోతాయి. పిల్లికి మూతికట్టు కుదరదు. మందపాటి టవల్ పైన కప్పి, కాళ్ళతో సహా చుట్టి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టండి. పెట్టెలు మీ బండిలోనే ఉంటాయి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి, కనీసం 3 నిమిషాలు తీసి చూడకుండా. మధ్యలో తీస్తే అప్పుడే కడుతున్న గడ్డ ఊడి మళ్ళీ మొదలవుతుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి వేయండి. విరిగిన కాలును సరిచేయాలని, కట్టెలు కట్టాలని చూడొద్దు.

వెన్నెముక దెబ్బతిని ఉండొచ్చనుకునే కదపాలి. చదునైన పలక కావాలి: చెక్క పలక, గట్టి డోర్‌మ్యాట్, మడత విప్పి రెండు మూడు పొరలు వేసిన అట్టపెట్టె. జంతువు వీపు వైపు పలక ఆనించి, ఒకరు భుజాల దగ్గర, ఇంకొకరు తుంటి దగ్గర పట్టుకుని ఒకేసారి దాని మీదకు జరపాలి. కాళ్ళు పట్టుకుని ఎత్తకూడదు. దుప్పటి ఒక్కటే ఉంటే నాలుగు మూలలూ బిగుతుగా పట్టుకోండి. పైన పల్చగా కప్పండి, షాక్‌లో ఒళ్ళు చల్లబడుతుంది.

నీళ్ళు పట్టొద్దు, తిండి పెట్టొద్దు. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మనుషుల నొప్పి మాత్రలు అస్సలు వద్దు. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. ఐబుప్రోఫెన్ కుక్కకు కడుపులో పుండ్లు తెస్తుంది, కిడ్నీలను పాడు చేస్తుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీసే మాట: "లేచి నడిచిందిగా, ఏం కాలేదు." లేచి పరుగెత్తడం భయంతో వచ్చే బలం, అంతే. ఊపిరితిత్తులు నలిగితే ఆయాసం గంటల తర్వాత బయటపడుతుంది, మొదటి 24 గంటల్లో ఇంకా ముదరవచ్చు. మూత్రాశయం పగిలితే పైకి ఒక్క గీత కూడా కనబడదు. అందుకని నడుస్తున్నా సరే అదే రోజు ఎక్స్‌రే, పరీక్ష చేయించమని యజమానికి చెప్పి, ఆ మాట మెసేజ్‌గా కూడా పంపండి. అక్కడే చూడగలిగిన గుర్తు చిగుళ్ళు: మామూలుగా గులాబీ రంగులో ఉంటాయి, వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. తెల్లగా పాలిపోయి ఉన్నా, రంగు రావడం ఆలస్యమైనా లోపల రక్తం పోతోందేమోనని అనుమానించాలి. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఒక్క నిమిషం ఆగకూడదు. కరిచే కుక్క నోట్లో వేలు పెట్టి మాత్రం చూడకండి.

మిమ్మల్ని కరిస్తే, గీరితే సబ్బూ పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కుక్కకు టీకాలు వేశామని యజమాని చెప్పినా సరే.

హబ్‌శిక్షణ:

ఇద్దరికీ ధన్యవాదాలండి. రెండు సందేహాలు మిగిలాయి. దెబ్బ తగిలిన పిల్లి పారిపోతే? బైకు మీద వెళ్ళేవాళ్ళు జంతువును ఎలా తీసుకెళ్తారు?

పశువైద్యసహాయం:

పారిపోయిన పిల్లి సాధారణంగా ఎంతో దూరం పోదు, దగ్గర్లో ఇరుకు చోటు చూసుకుని చప్పుడు లేకుండా పడి ఉంటుంది. తరమొద్దు. ఎటు పోయిందో గుర్తు పెట్టుకుని యజమానికి చూపించండి. మెట్ల కింద, ఆగి ఉన్న బండ్ల కింద, పొదల్లో వాళ్ళ గొంతుతోనే వెతకాలి. పిలిస్తే పలకకపోవచ్చు కాబట్టి టార్చి వేసి కళ్ళ మెరుపు కోసం చూడాలి.

వ్యాన్‌రూట్:

బైకు మీద తీసుకెళ్ళకూడదు, అంతే. ఒడిలో పెట్టుకుంటే కరిచినప్పుడు ఇద్దరూ పడతారు. యజమాని కారో, పక్కింటివాళ్ళ కారో, ట్యాక్సీయో చూడాలి. బైకర్ విషయంలో ఇంకోటి ఉంది: కుక్క తగిలితే చాలాసార్లు బైకరే ముందు పడతాడు. తల తగిలి కాసేపు మామూలుగా మాట్లాడినవాళ్ళు తర్వాత స్పృహ తప్పవచ్చు. తలనొప్పి పెరగడం, వాంతి, మగతగా ఉండటం లాంటివి కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, మిగతా రూట్ వేరేవాళ్ళకు ఇచ్చేయాలి.

క్లెయిమ్స్‌డెస్క్:

డబ్బు సంగతి. "చాలా బాధగా ఉందండి" అనొచ్చు, అనాలి. "ఖర్చంతా నేనే పెట్టుకుంటా" అని మాత్రం మాటివ్వొద్దు, సంతకం చేయొద్దు. ముందుగా అడగకుండా ఒప్పుకున్న బాధ్యతను చాలా ఇన్సూరెన్స్ పాలసీలు భరించవు. అప్పటికి చెప్పదగ్గ మాట: "ముందు వైద్యం చేయించండి, ప్రతి రసీదూ దాచండి, కంపెనీ నుంచి మీకు ఫోన్ వస్తుంది." ఆ ఫోన్ నిజంగా వెళ్ళేలా చూడటం హబ్ పని. మీ పేజీలో ఎవరు చేస్తారు, ఎన్ని గంటల్లో అన్నది రాయండి. ఇది రాయకపోతే డ్రైవర్ ఇచ్చిన మాట అబద్ధమవుతుంది.

సొంత బైకులతో పనిచేసేవాళ్ళు పాలసీ ఇప్పుడే తెరిచి చూడాలి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ డెలివరీ పనికి వర్తించకపోవడం మామూలే.

డ్రైవరే ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి ఫారంలో "యజమాని" గడిలో తన పేరు రాయకూడదు. తెచ్చినవాడిగా పేరు, యజమాని నంబరు వేరువేరుగా రాయించండి. యజమాని తెలియకపోతే చిప్ చూడమని అడగండి. చర్మం కింద బియ్యపు గింజంత ఉంటుంది, స్కానర్ పెడితే నంబరు వస్తుంది, చాలావాటిలో 15 అంకెలు.

ఫొటోలు బండికి, చక్రాలకు, గేటుకు, బండి ఆగిన చోటికి. జంతువు ఫొటో క్లెయిమ్‌కు ఒక్కటి చాలు, అది యజమానికి గానీ గ్రూపుల్లో గానీ పంపొద్దు. డ్యాష్‌క్యామ్ (బండి ముందు అద్దం దగ్గర ఉండే కెమెరా) పాత వీడియోల మీదే కొత్తవి రాస్తుంది కాబట్టి ఆ ఫైల్‌ను వెంటనే లాక్ చేయాలి. రిపోర్టులో సమయం, ముందుకు వెళ్తున్నారా వెనక్కా, సుమారు వేగం, గేటు తెరిచి ఉందా, జంతువు కట్టేసి ఉందా అన్నవి రాయండి. ఎవరిది తప్పన్నది రాయొద్దు.

పోలీసులకు చెప్పాలా అన్నది ఏ దేశానికి ఆ దేశం. బ్రిటన్‌లో 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం 170వ సెక్షన్ కుక్కకు తగిలితే ఆగి వివరాలు ఇవ్వాలంటుంది, పిల్లి ఆ జాబితాలో లేదు. మీ చోటు చట్టం చూసి పేజీలో ఒక వాక్యం పెట్టండి. చట్టం అడిగినా అడగకపోయినా, పిల్లి అయినా ఇంటివాళ్ళకు చెప్పి తీరాలి. చెప్పకపోతే అది ఎక్కడో మూల గంటల తరబడి నొప్పితో పడి ఉంటుంది.

వ్యాన్‌రూట్:

చనిపోయిన సందర్భం కూడా పేజీలో రాయండి. కదలట్లేదని చనిపోయిందని తేల్చొద్దు, వెనక కాలు లోపలి వైపు తొడ దగ్గర నాడి చూడాలి, లేకపోతే డాక్టరుకే వదలాలి. చనిపోతే రోడ్డు మీద నుంచి తీసి, నీడలో, గుడ్డ కప్పి ఉంచండి. మెడ పట్టీ విప్పొద్దు. పూడ్చడం, చెత్తలో వేయడం, పిల్లలు రాకముందే తీసేద్దామనుకోవడం వద్దు. ఆఖరిసారి చూసుకోవడం వాళ్ళ హక్కు. ఆ డ్రైవర్‌ను వెంటనే మిగిలిన స్టాపులకు తోలొద్దు, చేతులు వణుకుతూ నడిపే బండి ఇంకో ప్రమాదం తెస్తుంది.

జరగకుండా చూసుకోవాలంటే, ఇళ్ళ ముందు వీలైనంత వరకు రివర్స్ మానేయాలి: వీధిలోనే ఆపి నడిచి వెళ్ళాలి. తప్పకపోతే ఎక్కే ముందు బండి చుట్టూ ఒకసారి నడిచి, ఆ వెంటనే ఎక్కి, మనిషి నడక వేగంతో తీయాలి. చుట్టూ చూసి వచ్చాక ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఆ చూపు వృథా, ఈలోపు కుక్క వచ్చి వెనక చక్రం నీడలో పడుకుంటుంది. రివర్స్ కెమెరాకు బంపర్ కింద, పక్క చక్రాల దగ్గర కనబడదు. చక్రాల వెంట పడి మొరిగే కుక్క ఉన్న ఇంటికి ముందే ఫోన్ చేసి లోపల పెట్టమనండి, ఆ సంగతి అడ్రస్ నోట్‌లో రాయండి. రేపు ఆ వీధికి వచ్చేది వేరే డ్రైవర్ కావచ్చు.