సమస్యాపూరణం: “పొయ్యి ముట్టింపకయె బువ్వ పొగలు గక్కె”

నిర్వహణ: పై పాదమే చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి. ఛందస్సు తేటగీతి. విషయం: వారానికి సరిపడా ఆఫీసు క్యారేజీలు. పద్యం నిలిస్తే చాలదు, చెప్పిన పద్ధతి వంటింట్లోనూ నిలవాలి.

టిఫిన్‌డబ్బా:
ఆదివారము వండిన యన్న మంత
పలుచఁగా నార్చి ఫ్రిజ్జులోఁ బదిలపఱచి
నీళ్లు చల్లి యోవెనులోన నిలుప నంత
పొయ్యి ముట్టింపకయె బువ్వ పొగలు గక్కె

గణగణ: గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు) సరిపోయాయి. ‘యోవెనులోన’ భలే ఇమిడింది. కానీ ఆదివారం వండినప్పుడు పొయ్యి వెలిగిందిగా! ఎక్కడో ఓ చోట ‘బుధవారం’ పడితే ఆ పేచీ ఉండేది కాదు.

ఎసరు: ‘పలుచఁగా నార్చి’ అన్న మాటకే నా మార్కులు. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడుకుకు చావవు. కుక్కర్లోనే సాయంత్రం దాకా వదిలేస్తే అవి మొలిచి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వెడల్పు పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద ఆర్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. బుధవారం దాకా ఫ్రిజ్ చాలు, గురు శుక్రవారాల డబ్బాలు ఫ్రీజర్లోకి. చల్లబడ్డ మెతుకు గట్టిపడుతుంది కాబట్టి 200 గ్రాముల అన్నానికి రెండు చెంచాల నీళ్లు చల్లి, మూత వదులుగా పెట్టి, మైక్రోవేవ్ ఓవెన్‌లో నిమిషన్నర వేడి చేసి, ఓసారి కలిపి ఇంకో అర నిమిషం. స్టీలు గిన్నె మాత్రం అందులో పెట్టకండి.

చింతచిగురు:
పులుసు గుజ్జు నూనెయుఁ దేలు వఱకు నేను
కాచి సీసాల నింపితిఁ గాదె నిన్న
నేఁడు రైసుకుక్కరు మీట నెట్ట నిదిగొ
పొయ్యి ముట్టింపకయె బువ్వ పొగలు గక్కె

గణగణ: కరెంటు కుక్కరుతో సమస్య చక్కగా విడింది. మొదటి పాదంలో మాత్రం పు–వ యతి చెల్లదు. ‘దేలఁ బూర్తిగాను’ అంటే పు–బూ కుదురుతుంది.

చింతచిగురు: సరే, మార్చుకుంటాను. ‘నేను’ కూడా పోయింది, మంచిదే.

ఎసరు: ‘నూనెయుఁ దేల’ అన్నదే అసలు కొలత. నీరు మిగిలిన గుజ్జుకు త్వరగా బూజు. 100 గ్రాముల చింతపండు గుజ్జు అరకేజీ బియ్యం పులిహోరకు వస్తుంది. పూర్తిగా చల్లారాకే సీసా మూత బిగించాలి, లేదంటే మూతకు పట్టిన ఆవిరి మళ్లీ గుజ్జులోకే కారుతుంది. తడి చెంచా ముంచొద్దు. పల్లీలు అందులో వేసి ఉంచితే మెత్తబడతాయి, విడిగా వేయించి డబ్బా కట్టేటప్పుడు చల్లుకోవాలి. అన్నం గోరువెచ్చగా ఉండగా కలపండి, మరీ వేడి మీద కలిపితే మెతుకు చితుకుతుంది.

నిర్వహణ: రేపు రాత్రి దాకా గడువు. పెరుగన్నంతో పూరించబోయేవారికి ముందే మనవి: అది పొగలు కక్కిందంటే పెరుగు విరిగినట్టే.