పిల్లలతో హాలోవీన్ సినిమా: భయం కొంచెమే ఉండాలి, ఏది పెట్టమంటారు?

న్యూజెర్సీ అమ్మ
ఈసారి హాలోవీన్‌కి వీధిలో చాక్లెట్లు పోగేసుకొచ్చాక అందరం కూర్చుని ఒక సినిమా చూద్దామనుకుంటున్నాం. బాబు నాలుగో క్లాసు, పాప కిండర్‌గార్టెన్. వాడేమో క్లాసులో అందరూ చూశారట, కొరలైన్ పెట్టమని ప్రాణం తీస్తున్నాడు. పాపేమో ఎదురింటి వాకిట్లో వేలాడదీసిన ప్లాస్టిక్ అస్థిపంజరం చూసినా నా చున్నీలో దాక్కుంటుంది. పైగా గుంటూరు నుంచి అత్తయ్యగారు వచ్చి ఉన్నారు, "పసిపిల్లలకి దయ్యాల సినిమాలేంటమ్మా, రాత్రికి పక్క తడుపుతారు" అని ఇప్పటికే అనేశారు. చూసిన ప్రతిదాని మీదా పీజీ (పెద్దలు చూసుకుని పిల్లలకి చూపించాలనే అమెరికా రేటింగ్) అనే ఉంటోంది, అది చూసి పెట్టేయొచ్చా?

డాలస్ నాన్న
పీజీని నమ్ముకుంటే కష్టం. 2009లో వచ్చిన కొరలైనూ పీజీయే, 2012లో వచ్చిన హోటల్ ట్రాన్సిల్వేనియా కూడా పీజీయే, రెండిటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఆ హోటల్ నడిపే డ్రాక్యులా కూతుర్ని గడప దాటనివ్వని తండ్రి, మన ఇళ్ళలో బాగా తెలిసిన మనిషే 😀. కొరలైన్ అలా కాదు. చిన్న తలుపు అవతల ఆ పిల్లకి ఇంకో అమ్మ కనిపిస్తుంది, ఇష్టమైనవన్నీ వండిపెడుతుంది, ముద్దు చేస్తుంది, కానీ కళ్ళు ఉండాల్సిన చోట గుండీలు ఉంటాయి, ఇక్కడే ఉండిపోవాలంటే నీ కళ్ళకీ గుండీలు కుట్టాలి అంటుంది. ఐదేళ్ళ పిల్లని కోరల రాక్షసుడి కంటే అమ్మ అమ్మలా లేకపోవడమే ఎక్కువ భయపెడుతుంది. అందుకే నేను చూసేది రెండే: అమ్మానాన్నలకి ఏమన్నా అవుతుందా, సొంత ఇల్లే భయపెడుతుందా. ఆ లెక్కన మాన్‌స్టర్ హౌస్ కూడా పాపకి వద్దు, అందులో ఇల్లే మనుషుల్ని మింగుతుంది.

పాపకైతే చార్లీ బ్రౌన్ గ్రేట్ పంప్‌కిన్ పెట్టండి. 1966లో టీవీకి తీసింది, అరగంట కూడా ఉండదు. చార్లీ దయ్యం వేషానికి దుప్పటి కత్తిరించుకుంటాడు, కళ్ళకి రెండు చిల్లులు చాలు కదా, ఒళ్ళంతా చిల్లులే. ఇంటింటికీ తిరిగితే మిగతా పిల్లలకి మిఠాయి, వాడి సంచిలో మాత్రం రాయి. ఇందులో భయం లేదు, పాపకి వాడి మీద జాలేస్తుందేమో అంతే.

బే ఏరియా పిన్ని
హోకస్ పోకస్ చూడమని చాలామంది చెప్తారు, మీ ఇంటికి నేను వద్దంటాను. మొదట్లోనే సేలం ఊళ్ళో మంత్రగత్తెలు ఒక చిన్నపిల్ల ప్రాణం పీల్చేస్తారు, అన్నని నల్లపిల్లిని చేస్తారు, వెంటనే ఊరివాళ్ళు ఆ మంత్రగత్తెల్ని ఉరి తీస్తారు. అది దాటితే మిగతాదంతా గోలగోలగా సరదాగానే ఉంటుందనుకోండి. ఇంకోటి, ఆ మంత్రగత్తెల్ని మళ్ళీ బతికించే కొవ్వొత్తి వెలిగించేది వర్జిన్ అయ్యుండాలని సినిమా అంతా అంటూనే ఉంటారు, మీవాడు అత్తయ్యగారి ముందు "అంటే ఏంటి మమ్మీ" అన్నాడంటే మీరూ మీ ఆయనా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవాలి.

కాస్పర్ సినిమాలో దయ్యం బొమ్మ ముద్దుగా ఉంటుంది కదా అని పెట్టేయకండి. అందులో ఉన్న అమ్మాయికి అమ్మ ముందే లేదు, మధ్యలో నాన్న కూడా చచ్చిపోయి దయ్యమై వస్తాడు. చివరికి బతుకుతాడులెండి, కానీ అప్పటిదాకా మీ పాప కూర్చోవాలిగా.

అట్లాంటా అన్న
మనం చిన్నప్పుడు చూసినవే కదా అని 80ల నాటి సినిమాలు పెట్టేవాళ్ళకి ఒక మాట. అప్పట్లో పీజీ కింద ఏదిపడితే అది వచ్చేది. 1984లో గ్రెమ్లిన్స్, ఇండియానా జోన్స్ రెండో సినిమా చూసి తల్లిదండ్రులు గొడవ చేశాకే పీజీ-13 (పదమూడేళ్ళలోపు వాళ్ళకి కొంత తగకపోవచ్చనే రేటింగ్) పెట్టారు. గ్రెమ్లిన్స్‌లో ఒకమ్మాయి వాళ్ళ నాన్న పొగగొట్టంలో ఇరుక్కుని చనిపోయిన కథ చెప్పి, శాంటా లేడని అప్పుడే తెలిసిందంటుంది. డిసెంబర్‌కి ఇంకా టైముంది, ఇప్పుడే పాపకి ఆ సంగతి చెప్పడం దేనికి.

ఇద్దరికీ కలిపి ఒకటే కావాలంటే వాలస్ అండ్ గ్రోమిట్ వాళ్ళ వేర్-రాబిట్ సినిమా. 2005ది, మట్టిబొమ్మలతో తీశారు, ఆస్కార్ కూడా వచ్చింది. నిండు చందమామ, పొగమంచు, రాత్రిపూట తిరిగే జంతువు, అన్నీ ఉంటాయి, కానీ ఆ జంతువు పెద్ద కుందేలు, తినేది ఊళ్ళోవాళ్ళు పోటీకి పెంచుకున్న కూరగాయలు. దీనికి పీజీ కూడా కాదు, జీ, అంటే అన్ని వయసులవాళ్ళూ చూడొచ్చు.

హైదరాబాద్ పెద్దమ్మ
అత్తగారు కూడా కూర్చోవాలంటే మాయాబజార్ పెట్టమ్మా. మూడు గంటలూ అక్కర్లేదు, ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో వెళ్ళిన దగ్గర్నుంచి చాలు. పెళ్ళిపీటల మీద రేలంగి కాలు తొక్కే సీన్ దగ్గర మా మనవడు సోఫా మీంచి కింద పడి నవ్వాడు. అక్కడ కూడా రాక్షసులే కదా.

న్యూజెర్సీ అమ్మ
పెద్దమ్మగారూ, మాయాబజార్ అంటే అత్తయ్యగారు ఏ సినిమాకైనా ఒప్పుకుంటారు 🙏 సాయంత్రం చార్లీ బ్రౌన్, తర్వాత కుందేలు సినిమా, అది ఖాయం. మరి కొరలైన్ సంగతి? మావాడు వదిలేలా లేడు.

డాలస్ నాన్న
వాడికి తొమ్మిదేళ్ళు కదా, చూడనివ్వండి, కానీ ఆరోజు కాదు. ఇంకో శనివారం మధ్యాహ్నం, కర్టెన్లు తీసి, పాపని పార్కుకి పంపించి, మీ ఆయన్ని పక్కన కూర్చోమనండి. సౌండు మామూలు కంటే తగ్గించండి, సగం భయం ఆ మ్యూజిక్‌లోనే ఉంటుంది. రిమోట్ వాడి చేతికే ఇవ్వండి, ఆపుకోవాలనిపిస్తే వాడే ఆపుకుంటాడు.