కాకినాడ దగ్గర ఉప్పాడ వైపు సముద్రం కోత, తాబేళ్ల గుడ్లు: మీరు చూసింది చెప్పండి

కొత్తపల్లి పిల్లోడు:
సంక్రాంతికి ఊరెళ్లొచ్చాను. మా అమ్మమ్మ వాళ్ల పెరడు ఉన్న చోట ఇప్పుడు పీతల వల వేస్తున్నారు. కొబ్బరి చెట్లు ఎక్కడుండేవో అడిగితే మావయ్య నీళ్లలోకి చెయ్యి చూపించాడు. కోత మాకు కొత్త కాదు, దాని గురించి కాదు ఈ పోస్టు.

రాత్రి పదకొండు దాటాక తమ్ముడితో రోడ్డు మీదకెళ్తే ఒక తాబేలు పైకొస్తూ కనిపించింది, పెద్ద తట్టంత ఉంది. రోడ్డు కొట్టుకుపోకుండా పోసిన బండరాళ్ల దాకా ఈడ్చుకుంటూ వచ్చి, తల రాయికి ఆనించి ఆగిపోయింది. కాస్త పక్కకు జరిగి మళ్లీ అదే పని. అరగంట చూశాం. గుడ్లు పెట్టకుండానే తిరిగి నీళ్లలోకి పోయింది. ఇదంతా భూమి వేడెక్కడం వల్లే అంటున్నారు. నిజమేనా? మీ వైపు ఎలా ఉంది?

మూలపేట ఆడపడుచు:
మా చిన్నాన్న వాళ్లు రెండుసార్లు ఇల్లు వెనక్కి కట్టుకున్నారు. మూడోసారి కట్టడానికి స్థలం లేదు. ఇంతకంటే చెప్పేదేం లేదండి.

కాలవ ఇంజనీరు (రిటైర్డ్):
బాబూ, ఒక్కదాని మీదే నెట్టెయ్యొద్దు. ప్రపంచం మొత్తం మీద సముద్ర మట్టం ఇప్పుడు ఏడాదికి 3-4 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. మీ పెరడు పోయింది మిల్లీమీటర్ల లెక్కలో కాదు కదా.

అసలు సంగతి ఇసుక. మన తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే అలలు ఇసుకను ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. ఆ ఇసుకలో పెద్ద వాటా గోదావరిది. పైన మహారాష్ట్ర నుంచి ఇక్కడి దాకా ఎన్ని ఆనకట్టలు కట్టామో చూడండి, ఒండ్రు వాటి వెనకే ఆగిపోతోంది. వచ్చిన కాస్తా హోప్ ఐలాండ్ దగ్గర చేరుతుంది. ఆ దీవి పుట్టిందే గోదారి ఇసుకతో, పొడవు 16 కిలోమీటర్లు. కాకినాడకు అడ్డుగోడలా నిలబడి కాపాడుతోంది, కాదనను. కానీ దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు ఇసుక బాకీ పడిపోయింది. రేవు కోసం కట్టిన గోడలు, తవ్వకాలు దీనికి తోడు.

కొత్తపల్లి పిల్లోడు:
అయితే వాతావరణ మార్పుకి సంబంధం లేదంటారా మాస్టారూ?

కాలవ ఇంజనీరు (రిటైర్డ్):
లేదనలేదు. ఇసుక నిండుగా ఉన్న తీరాన్ని తుఫాను కోసేసినా, నాలుగు నెలల్లో అలలే మళ్లీ పూడ్చేవి. ఇప్పుడు పూడ్చడానికి సరుకు లేదు. నీటి మట్టం ఓ జానెడు పెరిగితే తుఫాను కెరటం ఆ జానెడు ఎత్తు నుంచే మొదలవుతుంది. ఒంట్లో రక్తం లేనివాడికి జ్వరం వచ్చినట్టు. జ్వరాన్నే తిడితే ఎలా?

గుడ్ల కాపలా:
తాబేళ్ల విషయం నేను చెబుతాను. మూడు సీజన్లుగా హేచరీలో, అంటే గుడ్లు తెచ్చి కాపాడి పొదిగించే చోట, రాత్రి డ్యూటీ చేస్తున్నా. మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్క గూట్లో వంద, ఆ పైన గుడ్లు పెడుతుంది. పింగ్‌పాంగ్ బంతిలా ఉంటాయి, కానీ పెంకు మెత్తన, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. పొదగడం ఇసుక వేడికే, 45 నుంచి 60 రోజులు.

పిల్ల ఆడో మగో తేల్చేది కూడా ఆ వేడే. సుమారు 29 డిగ్రీల దగ్గర సగం సగం. తగ్గితే మగవి, పెరిగితే ఆడవి. మరీ 35 దాకా పోతే గుడ్లే చచ్చిపోతాయి. పోయినేడాది మార్చి ఆఖర్లో గూటి పక్క ఇసుకలో గుచ్చిన థర్మామీటరు 33 చూపిస్తే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాటాకు పందిరి వేశాం, సాయంత్రం నీళ్లు చిలకరించాం. చిన్న పనే, కానీ రెండు డిగ్రీలు దిగింది.

ఇక్కడో తిరకాసు ఉంది. ఇప్పుడు పుట్టినవి పెద్దవై గుడ్లు పెట్టడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. మగవి తగ్గిపోతున్నా తీరం మీద మనకు తెలియదు, ఎందుకంటే ఒడ్డుకొచ్చేవి ఆడవే.

బోటు మనిషి:
అక్కా, డిగ్రీలు లెక్కపెడుతున్నారు సరే. ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లు ఎండకి చావలేదు. పెద్ద బోట్ల వలలో చిక్కి ఊపిరాడక చచ్చాయి. వలకి తాబేలు బయటపడే కిటికీ పెట్టమంటారు, దాంతో పాటు చేపా పోతుందని చాలామంది పెట్టరు. మా పిల్లలు ఏం తినాలో ఎవరూ అడగరు, అదీ నిజమే.

వేడి సంగతి మాకూ తెలుసు. నూనె కవళ్లు ఒకప్పుడు కేరళ వైపు చేప. 1980ల చివరి నుంచి మన వైపు కూడా బాగా పడుతున్నాయి. నీళ్లు వేడెక్కడమే కారణమని సైంటిస్టులు చెబుతారు. మా నాన్నకి మాత్రం అది గంగమ్మ ఇచ్చింది.

సూళ్లూరుపేట సైకిలు:
మా దగ్గర కథ వేరు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు చెరువులో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. ఈశాన్య రుతుపవనం వానలు బాగా పడి చెట్ల మొదళ్లలో నీళ్లుంటేనే. వానలు ఎగ్గొట్టిన ఏడాది పక్కనున్న పులికాట్ ఉప్పునీటి సరస్సు చాలా మేర ఎండిపోయి తెల్లగా ఉప్పు తేలుతుంది, పిట్టలు ఇంకో చోటు చూసుకుంటాయి. వాటికి రెక్కలున్నాయి కాబట్టి సరిపోయింది, మీ తాబేలుకి లేవు.

పులస ప్రియుడు:
మధ్యలో అడుగుతున్నానని తిట్టకండి, ఈసారి పులస దొరుకుతుందా?

కాలవ ఇంజనీరు (రిటైర్డ్):
వరదొస్తే దొరుకుతుంది. ధర అడక్కు.

కొత్తపల్లి పిల్లోడు:
నాకు అర్థం కానిదొక్కటే. ఆ రాళ్లు లేకపోతే రోడ్డు పోతుంది, ఇళ్లు పోతాయి. రాళ్లుంటే తాబేలుకి చోటు లేదు. ఊళ్లో ఎవరితోనైనా రాళ్లు తీసెయ్యమని ఎలా చెబుతాం? నేనే చెప్పలేను.

బోటు మనిషి:
చెప్పొద్దు కూడా. మేం నిద్రపోయేది ఆ రాళ్ల వెనకే.

గుడ్ల కాపలా:
రాళ్లు తీయక్కర్లేదు తమ్ముడూ. మధ్యలో ఇసుక మిగిలిన ముక్కలు ఎక్కడైనా ఉన్నాయా చూడు. అలాంటి చోటే గూడు పెడతాయి.

కొత్తపల్లి పిల్లోడు:
మా తమ్ముడు నిన్న పొద్దున వెళ్లి కొలిచాడు అక్కా. ఊరు దాటాక ఒక చోట ఉందట. పోటు గీత నుంచి రాళ్ల దాకా పదకొండు అడుగులు.

గుడ్ల కాపలా:
పదకొండు చాలదు. పౌర్ణమి పోటుకి గూడు తడిసిపోతుంది. జాడ కనిపిస్తే వెంటనే ఫారెస్టు వాళ్లకి ఫోన్ చెయ్యమను, తెల్లారేదాకా ఆగొద్దు. పెట్టిన కొన్ని గంటల్లోనే గుడ్లు మార్చాలి, ఆలస్యమైతే లోపల పిండం పెంకుకి అంటుకుపోతుంది, కదిపితే చస్తుంది. మీరు మాత్రం ముట్టుకోకండి. టార్చి లైటు కూడా వెయ్యొద్దని చెప్పు.