ఫ్రిజ్ ఎంత కడిగినా మళ్లీ వాసన, కూరగాయల ట్రే కింద నీళ్లు

వెన్నెల_వాకిలి:
రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, ఫ్రీజర్ పైన ఉంటుంది. అరలన్నీ తీసి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టినా, వారం తిరక్కుండానే ముక్కిన వాసన మొదలవుతోంది. కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తున్నాయి. తుడిచేస్తే ఒకట్రెండు రోజుల్లో మళ్లీ చేరతాయి. తలుపు రబ్బరు మడతల్లో నల్లమచ్చలున్నాయి. ఫ్రిజ్ పక్కల మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది. ఇవన్నీ ఒకే జబ్బా, వేర్వేరా? మెకానిక్‌ని పిలిచేలోపు ఇంట్లో చేసుకోగలిగింది ఉంటే చెప్పండి.

రాగిగొట్టం:
వెన్నెల గారూ, నీళ్లకీ వాసనకీ మూలం చాలావరకు ఒకటే అయ్యుంటుంది: డ్రెయిన్ దారి పూడుకుపోయింది. మీరు అరలు కడుగుతున్నారు, మురికి ఉన్నది అక్కడ కాదు.

ఫ్రాస్ట్ ఫ్రీలో కూలింగ్ కాయిల్ ఫ్రీజర్ వెనక ప్యానెల్ లోపల ఉంటుంది. దానికి పట్టిన మంచును హీటరు కొన్ని గంటలకోసారి కరిగిస్తుంది. ఆ నీళ్లు కింది కంతలోంచి గొట్టం గుండా దిగి, ఫ్రిజ్ వెనక కంప్రెసర్ మీదున్న ట్రేలో పడి, ఆ వేడికి ఆవిరైపోవాలి. కంతకి ఆహారపు నలుసులో, పాకుడో, మంచుగడ్డో అడ్డం పడితే నీళ్లు పొంగి ఫ్రీజర్ అడుగున గడ్డకడతాయి, లేదా గాలి దారిలోంచి కిందికి జారి కూరగాయల ట్రే కింద చేరతాయి.

ముందు ప్లగ్ తీసేయండి. కొన్ని మోడళ్లలో కింది అర వెనక గోడకి సన్నటి కాలువ, దాని మధ్యలో కంత కనబడతాయి. అలా ఉంటే పని సులువు. పెద్ద సిరంజి తీసుకుని (సూది అక్కర్లేదు), గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా వంటసోడా కరిగించి, మెల్లగా కంతలోకి ఎక్కించండి. వెనక ట్రేలోకి నీళ్లు దిగుతున్నాయో లేదో చూడండి. దిగకపోతే మెత్తని సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని లోపలికి పోనిచ్చి అటూ ఇటూ కదపండి. ఇనుప తీగ మాత్రం వద్దు, లోపలి గొట్టానికి బెజ్జం పడితే నీళ్లు ఇన్సులేషన్‌లోకి ఇంకిపోతాయి. గొట్టం చివర రబ్బరు మూతి ఉంటే దాన్ని ఊడదీసి కడగండి, పాకుడు ఎక్కువగా పట్టేది అక్కడే.

కంప్రెసర్ మీది ట్రేనూ వదలకండి. ఎప్పుడూ కడగని ఆ ట్రేలోంచి వచ్చే వాసన ఫ్రిజ్ లోపలిదే అనిపిస్తుంది. కంప్రెసర్ పూర్తిగా చల్లారాక ట్రే ఊడివస్తే తీసి కడగండి. ఊడకపోతే నీళ్లు గుడ్డతో పీల్చి, సబ్బు గుడ్డతో తుడవండి.

తడిబట్ట:
పై జవాబుతో ఏకీభవిస్తాను, కానీ రబ్బరు సంగతి కూడా దీంట్లో భాగమే. గ్యాస్కెట్ సరిగా మూసుకోకపోతే తేమగాలి లోపలికి వస్తుంది, మంచు ఎక్కువ పడుతుంది, కరిగే నీళ్లూ పెరుగుతాయి.

అర లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచా గిన్నెల సబ్బు ద్రవం కలిపి, మెత్తని పాత టూత్‌బ్రష్‌తో మడత మడతా విప్పి తోమండి. తర్వాత మంచినీళ్ల గుడ్డ, ఆపైన పొడిగుడ్డ. మడతలో తడి ఉంచితే బూజు మళ్లీ వస్తుంది. బ్లీచింగ్ వాడకండి, రబ్బరు బిరుసెక్కిపోతుంది. బ్లీచింగ్‌తో వెనిగర్ కలిపితే విషవాయువు పుడుతుంది, ఆ రెండూ ఒకచోట చేర్చనే కూడదు.

ఆరాక కాగితం ముక్క తలుపు సందులో పెట్టి మూసి లాగండి. బిగుతుగా రావాలి. చుట్టూ జానెడుకోసారి చూడండి, ముఖ్యంగా బందుల వైపూ కింది మూలల్లోనూ. వదులుగా వచ్చిన చోట వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు అదిమి, రబ్బరు మెత్తబడ్డాక వేళ్లతో సరిచేసి తలుపు మూసేయండి. చిరిగిపోతే మార్చడమే.

పక్కలు వెచ్చబడటం జబ్బు కాదు. చాలా కొత్త మోడళ్లలో కండెన్సర్ గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి, వేడి బయటికి పోవాల్సింది అటునుంచే. గోడకి ఆనించకుండా, మాన్యువల్ చెప్పినంత ఖాళీ వదలండి. వెనక నల్లటి జాలీ ఉన్న పాతవైతే ఆర్నెల్లకోసారి మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపాలి.

పొడిగుడ్డ:
లోపల కడగడానికి లీటరు గోరువెచ్చని నీళ్లకి రెండు పెద్ద చెంచాల వంటసోడా చాలు, సువాసన ద్రవాలు ప్లాస్టిక్‌కి పట్టుకుంటాయి. గాజు అరల్ని తీసిన వెంటనే వేడినీళ్లు పోస్తే పగలొచ్చు, గది వేడికి రానివ్వండి. అరల అంచుకున్న ప్లాస్టిక్ పట్టీ కింద ఒలికిన పాలు దాక్కుంటాయి, పట్టీ ఊడేదైతే తీసి కడగండి. గాలి వచ్చే రంధ్రాల్లోకి నీళ్లు పోయకండి.

మిగిలిన వాసనకి యాక్టివేటెడ్ బొగ్గు సంచి పెట్టొచ్చు. నా దృష్టిలో అది ఆఖరి మెట్టు, మూలం పోకుండా ఏ సంచీ పనిచేయదు. మధ్య అరలో గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఒక రాత్రంతా ఉంచి చూడండి: 4 డిగ్రీలు దాటకూడదు. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి.

వెన్నెల_వాకిలి:
కంత ఎక్కడా కనబడలేదండీ. ఫ్రీజర్ అడుగున మాత్రం అద్దంలా మంచు పలక ఉంది. దాన్ని చాకుతో లేపేయనా?

రాగిగొట్టం:
చాకు పెట్టకండి. ప్లాస్టిక్ గోడ చీరుతుంది. కాయిల్‌కి గానీ తగిలితే గ్యాస్ పోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్-600ఏ మంటంటుకునే గ్యాస్.

ఆ పలకని బట్టి చూస్తే మీ కంత ప్యానెల్ వెనక ఉంది. సామానంతా ఖాళీ చేసి, ప్లగ్ తీసి, రెండు తలుపులూ తెరిచి రాత్రంతా వదిలేయండి. అడుగున మందపాటి తువ్వాళ్లు పరిచి తడిసినప్పుడల్లా మార్చండి. తొందరుంటే ఫ్రీజర్‌లో వేడినీళ్ల గిన్నె పెట్టొచ్చు, హీటర్లు వద్దు. లోపల కాయిల్ దగ్గరి మంచు కూడా కరగాలి కాబట్టి, పైకి కనబడే మంచు పోగానే ఆన్ చేస్తే లాభం లేదు. అంతా తుడిచి ఆరాక ఆన్ చేయండి, చల్లబడ్డాకే సామాను సర్దండి.

మంచుగడ్డ ఒక్కటే అడ్డమైతే దీంతో దారి తెరుచుకుంటుంది. కొద్ది వారాల్లోనే పలక తిరిగి కట్టిందంటే కంతలో నలుసు ఉండిపోయింది, లేదంటే డీఫ్రాస్ట్ హీటరో సెన్సరో పనిచేయడం లేదు. ప్యానెల్ వెనక వైర్లుంటాయి, అది మాత్రం మెకానిక్‌తోనే విప్పించండి. విప్పినప్పుడు హీటరు చెక్ చేయమనండి, డ్రెయిన్‌లో నీళ్లు పోసి వెనక ట్రేలోకి దిగుతున్నాయో మీ ఎదుటే చూపించమనండి.